ఆబోతుకు చీకటి కావాలె

కిందటి వారం నీలిని ఎర్రకుంట గడి ముందు మండుటెండలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. మోదుగుల తండా నుంచి మూడు కోసుల దూరం చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. మొగుడు జాల్యాను దొర వడ్ల కొట్టులో వేసి తాళం పెట్టించాడు. తండా ఆబోతు ధోళ్యా గడి దొడ్లో గుంజకు కట్టేసి ఉంది. దీపావళి వెళ్లిన వారానికి, తండావాళ్లు వెట్టికి రామన్నారని మండిపడి ముకుందరావు దొర దాన్ని తోలించుకుపోయాడు. తోలుకుపోయినవాడు ఊరికే ఉండక, తన ఆవులకు దాని దూడలు కావాలని ఆశపడ్డాడు. ఆరు నెలలు గడిచాయి, రోహిణి కార్తె వచ్చింది, ధోళ్యా ఒక్క ఆవు దగ్గరికీ పోలేదు. జాల్యా మందు పెట్టి దాని మగతనం కట్టేశాడని దొర తీర్పు చెప్పేశాడు. ఇవాళ పొద్దుగూకే వేళకు మానుకోట నుంచి రజాకార్ల లారీ వస్తుంది. ఆలోగా ఆబోతు ఆవుతో కలిస్తే జాల్యా బతుకుతాడు. లేకపోతే ఆ లారీ ఎక్కుతాడు. అది ఎక్కినవాళ్లలో తిరిగి వచ్చి అన్నం తిన్నవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

అంతవరకూ తెలిసిందే. ఇక లోపలికి పదండి.

ఎర్రకుంట గడి దొడ్డికి నాలుగు మూలలా నాలుగు తాటి మొద్దులు పాతి, వాటి మీద పెద్ద పెద్ద కరెంటు బుడ్లు బిగించారు. ఓ పక్కన రేకుల కొట్టంలో ఆయిలింజన్ ఉంది. పోయినేడు మృగశిర కార్తెలో చుట్టుపక్కల ఊళ్లల్లో సంఘం జెండాలు లేస్తుంటే, కంటి మీద కునుకు లేక దొర తెప్పించుకున్న ఏర్పాటు అది. పొద్దుగూకగానే ఇంజన్ డబడబమంటుంది. దొడ్డంతా పట్టపగలైపోతుంది. తెల్లారేదాకా ఆర్పేది లేదు. గోడ దూకి పిల్లి వచ్చినా కనబడాలట! పిల్లీ రాలేదు, సంఘమూ రాలేదు. ఆ వెలుగులో గుడ్లప్పగించుకుని నిలబడింది మాత్రం నోరులేని గొడ్లు. వాటి గోడు ఎవడిక్కావాలి?

నీలి దొడ్లోకి అడుగుపెట్టేసరికి ముకుందరావు దొర వేపచెట్టు నీడన పడక్కుర్చీలో ఉన్నాడు. పక్కన ముక్కాలిపీట మీద వరంగల్లు నుంచి పిలిపించిన పశువుల డాక్టరు కూచున్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని సలోత్రి సాబ్ అంటారు. నెత్తిన ఎర్ర టోపీ, ఒళ్లో తోలు సంచి, మొహం నిండా చెమట. గడిలో తుపాకులున్న నలుగురూ లారీకి దారి చూపడానికి కేసముద్రం రోడ్డు దాకా పోయారు. మిగిలిందల్లా వెట్టికి వచ్చిన జనం, పేడ తీసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, ఓ ముప్పై మంది.

"ఏమే, కాళ్లు మొక్కాలని తెల్వదా నీకు?" అన్నాడు దొర.

"మొక్కెతందుకు రాలె దొరా. నా ఆబోతును జూడొచ్చిన. నా మనిషిని తీస్కపోవొచ్చిన."

ముప్పై మందీ చేతిలో పని ఆపేశారు. ఆ దొడ్లో అట్లా మాట్లాడిన మనిషిని వాళ్లు చూడలేదు.  నీలి జవాబు కోసం ఆగలేదు. తిన్నగా గుంజ దగ్గరికి పోయింది.

అయ్యో, ఎట్లాంటి ఆబోతు ఎట్లా అయిపోయింది! తండా ఆబోతుకు ముక్కుతాడు వెయ్యరు, మెడకు పలుపు కట్టరు. అది ఎవరి చేలో మేసినా అదిలించరు. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు, అదీ తండా కట్టుబాటు. భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి తోలుకొచ్చిన ఆవుకు పుట్టింది ధోళ్యా. ఈనిన మూడో రోజున తల్లి పోతే నీలి మేకపాలు పట్టి సాకింది. ఎదిగాక అది వాగు దాటి రంకె వేస్తే అవతలి ఊరి కోడెలు దారి తప్పుకునేవి. ఇప్పుడు దాని పక్కటెముకలు బయటికి పొడుచుకొచ్చాయి. ముక్కు కుట్టి తాడు వేశారు. కళ్లెర్రబడి నీళ్లు కారుతున్నాయి. ముందు కుప్ప పోసిన పచ్చగడ్డి వాడిపోయి ఉంది, మూతి పెట్టిన జాడ లేదు. నీలి వాసన తగిలి ఒక్క చెవి కదిలింది. అంతే, మళ్లీ తల వేలాడేసింది.

నీలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు. ఈ పాపిష్టి దొడ్లో కన్నీళ్లు ఎందుకు రాల్చాలి అనుకుంది. పండ్లు బిగబట్టి దాని గంగడోలు నిమిరింది.

"ముట్టుకున్నది చాలు గని పక్కకు జరుగు," అన్నాడు దొర. "ఇయ్యాల ఎదకొచ్చిన ఆవున్నది. సలోత్రి సాబ్ ముంగట్నే తేలుస్త."

కపిల ఆవును తీసుకొచ్చారు. పొద్దుటి నుంచీ అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది దానికి. వచ్చీ రాగానే ధోళ్యా మెడ మీద గడ్డం ఆనించింది, డొక్కలో తలతో నెట్టింది. ధోళ్యా కదల్లేదు. ముట్టె ఎత్తి వాసన కూడా చూడలేదు. ఎదురుగా మట్టిగోడ ఉన్నా ఆవు ఉన్నా దానికి ఒకటే అన్నట్టు నిలబడింది. కాసేపటికి ఆవే విసిగి పక్కకు తిరిగింది.

"చూసినవా?" దొర కుర్చీలోంచి ముందుకు వంగాడు. "మీ జాల్యా పెట్టిన మందు ఇది. విరుగుడేందో చెప్పు. చెప్పకపోతే లారీ వచ్చే యాళ్లయింది."

"మందు లేదు మాకు లేదు. దీనికి రంది పట్టింది."

"ఏం పట్టింది?"

"రంది. దిగులు. మనిషికి పట్టదా? పెయ్యి సచ్చుబడ్తది, బువ్వ సయించది, ఆలి పక్కల పన్నా ఆలనిపియ్యది. గట్లనే దీనికి. మందల నుంచి ఎడబాపిండ్రు, అదొక్కటి. అండ్లకెల్లి తేరుకునేదేమొ, కనీసం చీకటన్న ఉంటే! నెత్తి మీద సూర్యుడు గుంకకుంట ఆర్నెల్లు నిలవెట్టిండ్రు. అది ఎప్పుడు పండాలె? ఎప్పుడు నెమరెయ్యాలె? పసురం కన్నుకు చీకటి వడాలె దొరా. చీకటి వడితెనే ఒంట్ల సత్తువ ఊరుతది. నీ దీపాలు దీన్ని కొజ్జాను జేసినయ్. ఆర్పు. ఆర్పి దీన్ని మందలకు తోలు. రెండు నెలల్ల రంకెయ్యకపోతే నన్ను గూడ లారీ ఎక్కియ్యి."

సలోత్రి సాబ్ పెద్దగా నవ్వాడు. "జానువర్‌కు రంది ఏంది? దీపానికీ దానికీ ఏం సంబంధం? పాగల్ మాటలు. ఈమె మాట విని దీపాలు ఆర్పుతారా దొరవారు? నేను ఇంకో రెండు బుడ్లు పెట్టమని చెప్పినాను. వెలుతురుంటే ఒంట్లో వేడి పుడుతుంది."

"సాబ్ జెప్పింది నిజం," దొర అందుకున్నాడు. "నాకు సబూత్ ఉన్నది. గీ దీపాలు వెట్టినంక నా కోళ్లు జూడు. చలికాలం ఆగేటియి, ఇప్పుడు ఆగుతలెవ్వు. రోజూ గంపెడు గుడ్లు. దీపానికి ఒంట్ల జోరు తగ్గేదుంటే, గుడ్లెట్ల ఎక్కువైనయే?"

సలోత్రి గర్వంగా తల ఊపాడు. జనం నీలి వంక చూశారు. నిజమే మరి, గుడ్ల సంగతి దొడ్లో అందరికీ తెలుసు.

నీలి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గుడ్లు వెట్టినయ్, సరే. పొదిగేస్తిరా? ఎన్ని పిల్లలు లేసినయ్?"

దొర చేతిలోని బెత్తంతో నేల మీద గీశాడు.

"గుడ్డు వెట్టెతందుకు పుంజక్కర లేదు దొరా. పిల్ల లేవాలంటే పుంజు కావాలె."

పేడ తీస్తున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే పైట కొంగు నోట్లో కుక్కుకున్నారు. కానీ నవ్వన్నది అట్లా ఆగే సరుకా? ఒకరి నుంచి ఒకరికి పాకింది. నిజమేమిటంటే, చలికాలంలో మూడు దఫాలు పొదిగేశారు. మూడు దఫాలూ గుడ్లన్నీ మురిగిపోయాయి. ఆ కంపుకు గంపలు పారబోసింది ఈ ఆడవాళ్లే.

"ఏం సాబ్?" అన్నాడు దొర, సలోత్రి వైపు తిరిగి.

సలోత్రి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "అది... గుడ్డు సంగతి వరకు... ఆమె చెప్పింది తప్పేం కాదు."

దొర మొహం కందగడ్డలా అయింది. ఓ లంబాడీ ఆడది, ముప్పై మంది వెట్టివాళ్ల ముందర, చదువుకున్నవాడి నోరు మూయించింది. ఇక్కడే ఆయన పెద్ద పొరపాటు చేశాడు. ఊరుకుని ఉంటే పోయేది. పంతానికి పోయి ఇంకో సాక్షిని పిలిచాడు.

"పోచయ్యా! ఇటు రారా!"

గొల్ల పోచయ్య గడి మేకలు కాస్తాడు. అరవై ఏళ్లుంటాయి, భుజం మీద గొంగడి, ఎన్నడూ గొంతెత్తి ఎరగడు. మెల్లగా ముందుకొచ్చాడు.

"కోళ్ల సంగతి ఇడిసిపెట్టు. మన మేకలు ఏడాది నుంచి గీ దీపాల కిందనే పంటున్నయ్ గద? పున్నమ పున్నమకు పుట్టిన పిల్లలను తెచ్చి నాకు సూపిస్తున్నవ్ గద? పోతులు జోరు మీద లేకుంటె గా పిల్లలేడికెల్లి వచ్చినయ్? చెప్పు, గీమెకు వినవడేటట్టు చెప్పు."

చాలా చిన్న పని. 'అవును దొరా' అంటే సరిపోతుంది. పోచయ్య నోరు తెరవబోయి ఆగాడు.  వడ్ల కొట్టు వైపు చూశాడు. లోపల జాల్యా దగ్గుతున్నాడు. పోచయ్య ఇటు తిరిగి నీలిని చూశాడు. ఆమె అతన్ని బతిమాలలేదు. అతని దగ్గర ఏం ఉందో ఆమెకు తెలియదు కూడా. ఇక్కడితో తన పని అయిపోయిందనే అనుకుంది.

"ఏందిరా, మూగోనివైనవా?"

"గవి నీ దొడ్ల పిల్లలు గావు దొరా," అన్నాడు పోచయ్య.

"ఏందీ?"

"దీపావళి ముందట్నుంచి నీ దొడ్ల ఒక్క మేక ఈనలె. నీ పోతులు మేకల దిక్కు మోరెత్తి సుత సూస్తలెవ్వు. పున్నమకు నీకు సూపిచ్చినయన్ని నా పిల్లలు. గుట్ట ఎనక నా దొడ్ల పుట్టినయ్. సంకల వెట్టుకొని తెచ్చి నీ మందల కలిపిన."

దొర కుర్చీ లోంచి లేచాడు. "ఎందుకు?"

పోచయ్య గొంగడి భుజం మీదికి లాక్కున్నాడు.  "పోయినేడు ఒక్క పిల్ల తక్కువైందని నా కొమురమ్మను ఎండల వంగవెట్టి ఈపు మీద బండెత్తించినవ్ దొరా. యాదున్నదా? నీకు యాదుండది. దానికి గప్పట్నుంచి నడుము లేస్తలేదు. మల్ల తక్కువైతె సచ్చిపోతదని భయపడ్డ. గందుకే నాయి తెచ్చి నింపిన. పద్దెనిమిది పిల్లలు. నా కడుపు కొట్టుకొని నీకు లెక్క సరిజేసిన."

ఇంతకన్నా పెద్ద మాట ఆ గడిలో ఎవరూ అని ఉండరు. పోచయ్య భార్య నడుము సంగతి ఊరందరికీ తెలుసు. మేకపిల్లల సంగతి మాత్రం ఆమెకు కూడా తెలియదు. ఇన్నాళ్లూ ఆ ముసలాయన ఒక్కడే కడుపులో పెట్టుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, అందరికన్నా ముందు సలోత్రి లేచి వచ్చాడు. చదువు మీద కాస్తో కూస్తో మమకారం ఉన్న మనిషే అనాలి. దొర పక్కన ఉన్నాడన్న సంగతి మరిచిపోయి పోచయ్య భుజం పట్టుకున్నాడు.

"నీ మేకపోతులు వేరే జాతా?"

"వేరేదేడిది సాబ్? దొరయీ నాయీ ఒక్క తల్లి కడుపున పుట్టినయ్."

"మేత?"

"పొద్దంత ఒక్క మందల్నే మేస్తయ్. గదే తుమ్మకాయ, గదే కుంట నీళ్లు. పొద్దుగూకితె దొరయి గీ దీపాల కిందికి, నాయి గుట్టెనక చీకట్లకు. గదొక్కటే తేడా."

"నీ మేకలు ఎన్ని ఈనినై?"

"అన్ని ఈనినయ్. కొన్ని రెండు రెండు."

 సలోత్రి దొర వైపు తిరిగాడు. "దొరవారూ, మాఫ్ చెయ్యండి. ఇది ఏ కితాబులోనూ నేను చదవలేదు. కానీ ఒక్క తల్లి పిల్లలు, ఒక్క మేత, ఒక్క నీళ్లు, తేడా దీపమొక్కటే... ఈమె చెప్పింది కొట్టెయ్యడానికి లేదు. జాల్యాకూ దీనికీ సంబంధం లేదు. అతన్ని వదిలెయ్యండి. దీపాలు ఆర్పించండి."

అమ్మయ్య అనుకుంటున్నారా? దొరలకు నిజంతో పనుంటే ఈ కథ ఎందుకు రాయాల్సి వస్తుంది!

"ఆర్పియ్యాలె?" దొర నవ్వాడు. ఆ నవ్వు చూసి పోచయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇప్పుడు సమజైంది నాకు. సంగపోల్ల ఎత్తు ఇది. దీపాలార్పితె గోడ దునుకుతరు. అంతే గద? లంబాడిదానికి ఆబోతు మీద ప్రేమనా? థూ! నీకు గీ మాటలు ఎవడు నేర్పి పంపిండే?"

"నాకెవ్వలు నేర్పలె. గీ నోరులేని దాని మొకం జూసి చెప్తున్న."

"అబద్ధం! దీపాలు ఆరయ్. నీ మొగుడు లారీ ఎక్కుతడు. గొల్లోడు గూడ ఎక్కుతడు."

నీలి గుంజ దగ్గరి నుంచి కదిలింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ దొర ముందుకు వచ్చి నిలబడింది. ఆమె పైట అద్దాలు సాయంత్రపు ఎండకు మెరుస్తున్నాయి. ఇక దాచుకోవాల్సిందేమీ మిగల్లేదు ఆమెకు. భయపడి సాధించేది ఉంటే భయపడేదే.

"అయితె ఇంకొక్క మాట గూడ ఇను దొరా. నీ దొడ్లనే కాదు, నువ్వు పండుకునే గదిల గూడ తెల్లందాక దీపమే. దొడ్ల దీపాలు ఏడాదియే గని, గడి మీది నీ గది దీపం ఏండ్ల సంది ఆరలేదని గుట్ట మీది మా తండాకు గూడ కనవడ్తనే ఉన్నది. భయానికి నీకూ నిద్ర లేదు. నీ మొకం జూస్కో, నా ధోళ్యా మొకం జూడు. రెండింట్ల రంది ఒక్కటే. ఆబోతు ఆవును సూస్తలేదని నా మొగని మీద నేరమేసినవ్. నీ ఇంట్ల ఊగని తొట్టెలకు ఎవల మీద నేరమేసినవ్? ముందటి ఇద్దరు పెండ్లాల మీద ఏసినవ్, ఇప్పుడు గొడ్రాలని దొరసాని మీద ఏసినవ్. జనగామ దిక్కు పిల్లను సూసొచ్చినవట గద? నాలుగో పెండ్లి? ఎందరిని తెస్తవ్ దొరా? నువ్వు దీపం కింద ఉన్నంత కాలం పుట్టమన్నా పుట్టది!"

ఎవరూ నవ్వలేదు ఈసారి. పై అంతస్తులో దొరసాని రత్నాబాయి గది కిటికీ ఉంది. ఘోషా పద్ధతి కాబట్టి దాని తలుపులు ఎప్పుడూ ఓరగా మూసి ఉంటాయి. ఆ తలుపు చప్పుడుతో బార్లా తెరుచుకుంది. ఓ క్షణం ఇరవై రెండేళ్ల తెల్లని మొహం కనబడింది. అంతలోనే మాయమైంది. మూడేళ్లుగా 'గొడ్డుమోతుది' అన్న మాట పడుతూ, మొక్కని దేవుడు లేడు, మింగని వేరు లేదు. ఆ మొహంలో సిగ్గు ఉందో కోపం ఉందో కింద నిలబడ్డవాళ్లకు తెలియలేదు.

దొర బెత్తం ఎత్తాడు. నీలి మొహం తిప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దెబ్బ భుజం మీద పడింది. రవిక చిరిగింది.

"కొట్టు," అంది. "కొడితె నిజం అబద్ధమయితదా?"

రెండో దెబ్బ పడలేదు. ఎందుకంటే దొర అప్పుడే చుట్టూ చూశాడు. పేడగంపలు కింద పెట్టేసి ముప్పై మందీ నిలబడి చూస్తున్నారు. తల వంచుకుని కాదు, కళ్లెత్తి. పొద్దు గుట్ట వెనక్కి జారుతోంది. దొడ్లో నీడలు పొడుగయ్యాయి. 

"తుల్సీరాం! ఇంజన్ చాలూ చెయ్!" అని అరిచాడు.

తుల్సీరాం ఇంజన్ మిస్త్రీ. బలిష్ఠమైన మనిషి, చేతులెప్పుడూ నూనె మసి. ఆ ఇంజన్‌ను తిప్పి లేపడం గడి మొత్తం మీద అతనొక్కడికే తెలుసు. ఇనుప హ్యాండిల్ చేతిలోనే ఉంది. అతను దాన్ని కాసేపు చూసుకున్నాడు. తరవాత మెల్లగా, చప్పుడు కాకుండా, దొర కుర్చీ ముందు నేల మీద పెట్టాడు.

"నేను తిప్ప దొరా."

"ఏమన్నవ్?"

"తిప్పనన్న. ఏడాది సంది తిప్పుతున్న. నాకు గూడ నిద్ర లేదు. నా ఇంటిది గూడ అత్తోళ్లతోని మాటలు పడ్తున్నది." అతను మసి చేతులు ధోవతికి తుడుచుకున్నాడు. "గీ అవ్వ చెప్పేదాక నాదే తప్పనుకున్న."

"ఎవడన్న తిప్పుండ్రిరా! బక్కోళ్లారా, ఒక్కడన్న రాండ్రి!"

ఒక్కడూ రాలేదు. ఆడవాళ్లూ రాలేదు. సలోత్రి సాబ్ తోలు సంచి సర్దుకుంటూ ఎటో చూస్తున్నాడు.

ఇక చేసేది లేక ముకుందరావు దొర తానే హ్యాండిల్ అందుకున్నాడు. నలభై ఏళ్ల జీవితంలో నీళ్ల చెంబు కూడా తానెత్తని మనిషి! ఇంజన్‌కు తగిలించి బలంకొద్దీ తిప్పాడు. అది ఒక్కసారి గుర్రుమని, ఎదురు తన్నింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు మీద కొట్టింది. దొర కెవ్వుమని కూలబడ్డాడు. లేపడానికి ఎవరి చెయ్యీ ముందుకు పోలేదు.

పొద్దు గుంకింది.

ఏడాది తరవాత ఎర్రకుంట గడికి మాపటి చీకటి వచ్చింది. ముందు మూలల్లో చేరింది, తరవాత గోడల మీదికి పాకింది. కోళ్లు తమంతట తామే గూట్లోకి పోయి సర్దుకున్నాయి. నీలి పోయి ధోళ్యా ముక్కుతాడు విప్పి పారేసింది. "ఆవ్ రే బేటా," అంది మెల్లగా. ధోళ్యా పెద్ద ఊపిరి విడిచింది. ముందుకాళ్లు మడిచి, బరువంతా నేల మీద వేసి పడుకుంది. కాసేపటికి దాని దవడలు ఆడాయి. నెమరేస్తోంది. అప్పుడు ఏడ్చింది నీలి. దాని మెడ కావలించుకుని, ఎవరు చూస్తే ఏమిటి అన్నట్టు గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు మధ్యలో వినబడింది, దూరంగా కేసముద్రం రోడ్డు మీద లారీ మోత.

దొర వాచిన చెయ్యి పొట్టకు అదుముకుని లేచాడు. మోత వినగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. "వస్తున్నరు! ఒక్కొక్కన్ని జూస్త! ముందుగాల దాని మొగడు, దాని కండ్ల ముంగటనే!" అని అరుస్తూ లాంతరు లాక్కుని వడ్ల కొట్టు వైపు ఉరికాడు. నీలి లేచి వెంట పరిగెత్తింది. పోచయ్య, తుల్సీరాం, వెనకాలే జనమంతా.

కొట్టు తలుపుకు తాళం లేదు. ఓరగా తెరిచి ఉంది. దొర తలుపు తన్ని లాంతరు పైకెత్తాడు.

జాల్యా లేడు. కట్టేసిన తాళ్లు తెగి వడ్ల మీద పడి ఉన్నాయి. వెనక గోడకున్న దిడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది, అందులోంచి బయటి గాలి వస్తోంది. వడ్ల బస్తా మీద, ముసుగు తీసేసి, చేతిలో కొడవలితో దొరసాని రత్నాబాయి కూచుని ఉంది. పెళ్లై వచ్చిన నాటి నుంచి గడప దిగి ఎరగని మనిషి, ఇవాళ్టిదాకా పరాయి వాళ్లెవ్వరూ మొహం చూసి ఎరగని మనిషి.

"జాల్యా ఏడి?" అన్నాడు దొర. 

"పోయిండు. నేనే తాళం తీసిన, నేనే తాళ్లు కోసిన."

లారీ గడి ముందు ఆగింది. హారన్ మోగింది, ఒకటి, రెండు. బూట్ల చప్పుడు లోపలికి వస్తోంది.

రత్నాబాయి లేచి నిలబడింది. మొగుడి భుజం మీదుగా నీలిని చూసింది. తరవాత మొగుడి కళ్లల్లోకి చూసింది.

"లారీ ఉత్తగ పోవద్దు గద? పిలువు వాళ్లను. నీ భార్యను ఎందుకు ఎక్కియ్యాలెనో నీ నోటితోనే చెప్పు. జనమంత ఇంటరు."